పండితుల లెక్కయు మన నమ్మికయు



నేడు మన పల్లెలయందు ఒక క్రొత్త మాట వినవచ్చుచున్నది. లోకములోని గొప్ప తత్త్వశాస్త్రజ్ఞులలో పెక్కుమంది దేవుడు లేడనుచున్నారట. జీవితమంతయు ఆలోచించుటకే వినియోగించినవారు లేడన్నప్పుడు, ఉన్నాడనుటకు మనమెంతవారము? ఇదియే ఆ మాట. రేగొండ ప్రాంతమునుండి హనుమకొండకును హైదరాబాదునకును చదువునకై పోయిన యువకులు దీనిని ఇంటికి గొనివచ్చుచున్నారు. ఏటేట కొడవటంచ జాతరకు బోయి లక్ష్మీనరసింహస్వామికి మ్రొక్కు చెల్లించుకొను తల్లి యీ మాట విని కన్నీరు పెట్టుకొనుచున్నది. తండ్రి కోపించి, "మన తెలుగువాడైన రాధాకృష్ణ పండితుడు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడై యుండియు దేవుని విడువలేదు గదా! నీవు ఆయనకంటె ఎక్కువ చదివితివా?" అని గద్దించుచున్నాడు.

కొడుకు చూపినది పండితుల సంఖ్య. తండ్రి చూపినది పండితుని పేరు. చూచుటకు వీరిరువురును ఎదురెదురు పక్షములవారు. కాని యిరువురి చేతిలోను ఉన్న త్రాసు ఒక్కటియే. దేవుడున్నాడా లేడా యను ప్రశ్నను విద్వాంసుల అభిప్రాయముతో తూచవచ్చునని యిద్దఱును ముందుగనే యొప్పుకొనియున్నారు. ఆ త్రాసు ఈ వస్తువును తూచగలదా యని మాత్రము ఎవ్వరును అడుగలేదు. మేమిప్పుడు చేయబూనినది ఆ విచారమే.

ముందుగా లెక్క యేమి చెప్పుచున్నదో పక్షపాతము లేక చూతము. 2009వ సంవత్సరమున డేవిడ్ బూర్జే, డేవిడ్ చామర్స్ అను నిరువురు తత్త్వశాస్త్రజ్ఞులు, పాశ్చాత్య విశ్వవిద్యాలయములే అధికముగా గల 99 ప్రసిద్ధ తత్త్వశాస్త్ర శాఖలలోని అధ్యాపకులకు 30 ప్రశ్నలు పంపిరి. 1,972 మంది నడుగగా 931 మంది ప్రత్యుత్తరమిచ్చిరి. ఆ ప్రశ్నలలో ఈశ్వరుని గుఱించినది యొకటి. నిరీశ్వరవాదము నంగీకరించినవారును, దానివైపు మొగ్గినవారును కలిసి నూటికి 72.8 మంది, ఈశ్వరవాదమునకు అట్లే చేరినవారు నూటికి 14.6 మంది, మిగిలినవారు ఇటునటు గాని యుత్తరముల నిచ్చిరి. 2020లో ఆ యిరువురే మరల విచారింపగా 1,785 మంది పలికిరి. ఈ మాఱు నిరీశ్వరవాదులు నూటికి 67 మంది, ఈశ్వరవాదులు నూటికి 19 మంది. రెండవ మాఱు అడిగిన మండలము మొదటిదానికంటె విశాలమైనది గనుక, ఈ భేదమును జూచి నమ్మిక పెరిగినదని సంతోషించుట తొందరపాటు. కొడుకు చెప్పిన మాట స్థూలముగా నిజమే యని యొప్పుకొందము. నిజమును అబద్ధమని చెప్పి రక్షింపవలసిన నమ్మిక రక్షింపదగినది కాదు.

అయిన నొక లెక్కను విని దానినుండి నిర్ణయమునకు బోవుటకు ముందు, ఇతరుల మాటను మనము ఎప్పుడు ప్రమాణముగా గొనవలెనో తెలిసికొనవలెను. ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మన నైయాయికులు ఆప్తవాక్యమును ప్రత్యేక ప్రమాణముగా నంగీకరించి, ఆప్తుడనగా నెవ్వడని నిష్కర్షగా విచారించిరి. న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుని మతమున, వస్తువును తాను సాక్షాత్తుగా నెఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లు ఇతరులకు తెలుపగోరి పలుకువాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమే యని యాతడు స్పష్టముగా జెప్పియున్నాడు. ఎంత యుదారమైన సిద్ధాంతమో చూడుడు! కులము చేతగాని, దేశము చేతగాని, పీఠము చేతగాని ఎవ్వడును ఆప్తుడు కాడు. ఎఱుక చేతను, నిజాయితీ చేతను మాత్రమే యగును. ఆ శాస్త్రమే మఱియొక విభాగమును గూడ చేసినది: ఆప్తుని మాట కనబడు విషయమును గుఱించినది కావచ్చును, కనబడని విషయమును గుఱించినది కావచ్చును.

కనబడు విషయమునకు మన చుట్టునే నిదర్శనములు గలవు. భూపాలపల్లిలో సింగరేణివారి బొగ్గు గనులున్నవి. భూగర్భ శాస్త్రజ్ఞుడు వచ్చి, ఇచ్చట ఇంత లోతున బొగ్గు పొర గలదని చెప్పును. మనము ఆ శాస్త్రమును చదువకపోయినను ఆతని మాటను నమ్ముదుము. ఏలన త్రవ్వినచో బొగ్గు కనబడును. కనబడనిచో ఆతని మాట తప్పని తేలును. ఆతని మాట వెనుక భూమి సాక్షిగా నిలిచియున్నది. అట్లే రేగొండ మండలములోని పాండవుల గుట్టలను దీసికొనుడు. వనవాసకాలమున పాండవులు అచ్చట వసించిరని జనులు చెప్పుకొందురు. ఆ రాతి గుహలలోని రంగుల చిత్రములు చరిత్రపూర్వ మానవుల నాటినుండియు వ్రాయబడినవని పురావస్తు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ రెండవ మాటకే మనము తల యొగ్గవలెను. చిత్రలేఖన రీతిని, రంగులను, రాతిని, ఇతర ప్రదేశములలోని చిత్రములను పోల్చి చూచినవారు వారు, మనము చూడలేదు. ఇట్టి చోట్ల పండితుని మాటను త్రోసివైచి మన తాతలు చెప్పిరనుట భక్తి కాదు, మూర్ఖత.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. ఈశ్వరుని విషయమున తత్త్వశాస్త్రాచార్యుడు ఎట్టి ఆప్తుడు? ఆతడు దేనిని సాక్షాత్తుగా నెఱుగును? వాదములను ఎఱుగును. ఒక హేతువునుండి ఒక నిర్ణయము వచ్చునా రాదా, ఒక పదము ఒకే వాదములో రెండర్థములతో దాగియున్నదా, ఒక దృష్టాంతము దార్ష్టాంతికమునకు సరిపోవునా యని పరీక్షించుట ఆతని విద్య. ఆ విద్యలో ఆతడు మనకంటె నెంతయో మిన్న. కాని గనిలోని బొగ్గువలె ఈశ్వరుని చూపి "ఇదిగో" అనుటకుగాని, గోతిని చూపి "లేదు" అనుటకుగాని ఆతనికి గునపము లేదు. కనుక ఆతని నిర్ణయమునకంటె ఆతని హేతువే మనకెక్కువ విలువ గలది. వైద్యుడు మందిచ్చినప్పుడు కారణము తెలియకపోయినను మ్రింగుదుము. తత్త్వశాస్త్రజ్ఞుడు కారణమును విడిచి నిర్ణయమును మాత్రమే ఇచ్చినచో, ఆతడు తన విద్యను ఇంటివద్ద విడిచి వచ్చినట్లే.

ఈ సంగతిని ఆ లెక్కయే మఱియొక ప్రక్కనుండి నిరూపించుచున్నది. 2009 నాటి గణనలో, తత్త్వశాస్త్రమునందే మతతత్త్వ విచారమును ప్రత్యేక విద్యగా గైకొన్నవారు 47 మంది యుండిరి. ఈశ్వరుడున్నాడనుటకును లేడనుటకును గల వాదములను దినదినము మథించువారు వీరే. వారిలో ఈశ్వరవాదులు నూటికి 72.3 మంది, నిరీశ్వరవాదులు నూటికి 19 మంది. అనగా పెద్దగదిలో లెక్కించినచో నూటికి 73 మంది లేడనుచున్నారు. ఆ గదిలోనే ఒక చిన్న గది తలుపు తెఱచి లెక్కించినచో నూటికి 72 మంది ఉన్నాడనుచున్నారు. ఇప్పుడు ఏ గదిలోని వారు నిపుణులు?

నమ్మువారు ఈ రెండవ లెక్కను విని చప్పట్లు కొట్టవలదు. చిన్న గదిలో నమ్మువారధికముగా నుండుటకు రెండు కారణములు చెప్పవచ్చును. వాదములను లోతుగా విచారించినకొలది బుద్ధి ఈశ్వరునివైపు పోవుననుట యొకటి. ముందే నమ్మకము గలవారు ఆ నమ్మకముపై ప్రేమచేత ఆ విద్యను ఎన్నుకొని ఆ గదిలో జేరిరనుట రెండవది. సంగీతమును ప్రేమింపనివాడు సంగీత కళాశాలకు పోడు గదా! అట్లే పెద్ద గదిలో నిరీశ్వరవాదులు అధికముగా నుండుటకును రెండు కారణములు చెప్పవచ్చును: యుక్తిని పదునుపెట్టిన బుద్ధి నమ్మికను విడుచుననుట యొకటి; నమ్మిక లేనివారే ఆ వృత్తిలో హెచ్చుగా చేరుచున్నారనియు, చేరినవారు అచ్చటి గాలికి లొంగుచున్నారనియు అనుట రెండవది. ఈ నాలుగింటిలో ఏది యెంతవఱకు నిజమో సంఖ్య స్వయముగా చెప్పజాలదు. సంఖ్య ఎందఱో చెప్పును, ఏలనో చెప్పదు. మనకు కావలసినదో ఏలయను దానికి సమాధానము.

ఇంక ప్రశ్నయే ఎట్టిదో చూడవలెను. ఈశ్వరవాదమా, నిరీశ్వరవాదమా యని యడిగినప్పుడు అడిగినవారి మనస్సున నున్నది ప్రధానముగా యూదులకు, క్రైస్తవులకు, మహమ్మదీయులకు సామాన్యమైన సర్వజ్ఞుడు, సర్వశక్తుడు, సృష్టికర్తయైన దేవుని భావము. ఆ ప్రశ్ననే మన ప్రాచీన విద్వత్సభకు గొనిపోయినచో నేమగును? వేదములను ప్రాణముకంటె మిన్నగా రక్షించిన కుమారిలభట్టు సృష్టికర్తయైన ఈశ్వరుని ఖండించినవాడు. మీమాంసకుని లెక్కలో యజ్ఞమునకు ఫలమున్నది, ఆ ఫలమునిచ్చు ప్రభువుతో బనిలేదు. ప్రాచీన సాంఖ్యులు ఈశ్వరుని చెప్పకయే జగత్తును వివరించిరి. జైనులు సృష్టికర్తను అంగీకరింపక తీర్థంకరులను పూజించిరి. బౌద్ధులు ఈశ్వరుని నిరాకరించుచునే అహింసను, కరుణను లోకమంతట చాటిరి. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి యను గ్రంథమున వీరందఱితోను వాదించి ఈశ్వరుని స్థాపింప బూనెను. అద్వైతియు ఈశ్వరుని అంగీకరించును గాని, పరమార్థమున ఈశ్వరునకును జీవునకును భేదమే లేదనును. ఈ సభలో చేతులెత్తుమన్నచో కుమారిలభట్టు నిరీశ్వరవాదుల ప్రక్కన లెక్కింపబడును! వైదిక ధర్మమునకు అంతకంటె ఆస్తికుడు లేడని మన సంప్రదాయము ఘోషించుచుండగా, ఆ లెక్క యాతనిని నాస్తికుడనును. ఆస్తికుడను మాటకు మన శాస్త్రములలో వేదమును నమ్మువాడని యొక యర్థముండగా, నేటి వాడుకలో దేవుని నమ్మువాడను అర్థము వచ్చినది. ఒక్క మాటలో ఇన్ని అర్థములుండగా ఒక్క గీత గీచి మనుష్యులను రెండు దొడ్లలో తోలుట యెట్లు?

పాశ్చాత్య దేశములలోను ఈ చిక్కు లేకపోలేదు. 1914లో జేమ్స్ లూబా యను మనశ్శాస్త్రజ్ఞుడు అమెరికాలోని వేయిమంది శాస్త్రజ్ఞులను అడిగినప్పుడు, ప్రార్థనను విని ప్రత్యుత్తరమిచ్చు దేవుని నమ్ముదురా యని యడిగెను. నూటికి ఇంచుమించు 42 మంది నమ్ముదుమనిరి. 1996లో లార్సన్, విథమ్ అనువారు ఆ ప్రశ్ననే మరల నడుగగా నూటికి 39 మంది నమ్ముదుమనిరి. విద్య వ్యాపించినకొలది నమ్మిక క్షీణించునని లూబా యూహించియుండెను. ఎనుబది రెండేండ్లలో సామాన్య శాస్త్రజ్ఞులలో అది కొంచెమే కదలినది. కాని యా యిరువురే 1998లో ప్రకటించిన మఱియొక విచారణలో, అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు సభ్యులలో అట్టి నమ్మిక గలవారు నూటికి ఏడుగురు మాత్రమే యుండిరి. ఇచ్చటను గది మాఱగానే లెక్క మాఱినది. అచ్చటి ప్రశ్న ప్రార్థన వినువానిని గుఱించినది; చామర్స్ పండితుని ప్రశ్న ఈశ్వరవాదమను ఒక్క మాట. రెండును ఒక్కటి కావు. ఇంక ఇమ్మానుయేల్ కాంట్ మహాశయుని ఏ ప్రక్కన లెక్కింతుము? 1781లో ప్రకటించిన శుద్ధబుద్ధి విమర్శయందు ఈశ్వరుడున్నాడని నిరూపించు వాదములన్నియు నిలువవని ఆయన చూపెను. 1788లో ప్రకటించిన మఱియొక గ్రంథమున, ధర్మాచరణ కొఱకు ఈశ్వరుని అంగీకరింపక తప్పదనెను. యుక్తిచేత నిరూపించుట వేఱు, జీవితముచేత అంగీకరించుట వేఱు అని తెలిసిన ఆ మహాబుద్ధి ఏ గణనపత్రములోను ఇముడడు.

మఱియొక సంగతి గలదు. ఆప్తుడు ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడై యుండవలెనంటిమి. అట్లు చెప్పుటకు స్వాతంత్ర్యముండవలెను. కాదన్నవాని కూడు పోవు చోట ఔనన్నవారి లెక్కకు విలువ లేదు. మన తెలుగుదేశమునందే దీనికి నిదర్శనము గలదు. గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్రాధ్యాపకులు. తమ నాస్తికాభిప్రాయములను దాపక వ్రాసినందున 1933లో కాకినాడలో ఉద్యోగమును గోల్పోయిరి. కొన్ని యేండ్లకు మచిలీపట్టణమునను అట్లే జరిగెను. అటుపిమ్మట 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. ఆ దినములలో మన కళాశాలల అధ్యాపకులను వరుసగా నిలిపి దేవుని నమ్ముదురా యని యడిగియున్నచో నూటికి ఎందఱు ఔననియుందురు? ఆ ఔనులలో ఎన్ని హృదయమునుండి వచ్చియుండును, ఎన్ని జీతమునుండి వచ్చియుండును? అట్లే, ఏ విశ్వవిద్యాలయములో నమ్మిక గలవానిని తోడి పండితులు తక్కువ చూపు చూతురో, అచ్చట కాదన్నవారి లెక్కను గూడ అట్టి సందేహముతోనే వినవలెను. భయము ఏ ప్రక్కనుండి వచ్చినను సాక్ష్యమును చెఱచును. జనగామ ప్రాంతపు బమ్మెర గ్రామము పోతన జన్మస్థానమని చెప్పుదురు. ఆ మహాకవి తన కావ్యమును రాజునకు అమ్ముకొనక హలము పట్టి బ్రదికెనని లోకప్రతీతి. ఆ ప్రతీతిని మన ప్రజలు ఇన్ని శతాబ్దములు ఏల నిలుపుకొనిరి? కూటి కొఱకు పలికిన మాటకు సాక్ష్యపు విలువ లేదని వారెఱుగుదురు గనుక.

రాధాకృష్ణ పండితుని పేరు చెప్పి కొడుకును అదలించు తండ్రికిని ఒక మాట చెప్పవలసియున్నది. సర్వేపల్లి రాధాకృష్ణగారు 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి; 1936 మొదలు 1952 వఱకు ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతములకును నీతిశాస్త్రమునకును ఆచార్యులై యుండిరి. 1929లో వారిచ్చిన హిబ్బర్ట్ ఉపన్యాసములు 1932లో గ్రంథముగా వెలువడినవి. ఆ గ్రంథమున వారు "నేను నమ్ముచున్నాను గనుక మీరును నమ్ముడు" అనలేదు. మత మనుభవమని, ఆ యనుభవమును బుద్ధి పరీక్షింపవచ్చునని, విజ్ఞానశాస్త్రము తెచ్చిన యాక్షేపములకు వెఱవరాదని హేతువులతో వాదించిరి. వారి పేరును గైకొని వారి హేతువులను విడుచుట, మామిడిపండును విడిచి బుట్టను ఇంటికి గొనిపోవుటవంటిది. అదే ఆంధ్ర విశ్వవిద్యాలయమున తరువాతి కాలమున కొత్త సచ్చిదానందమూర్తిగారు తత్త్వశాస్త్రాచార్యులైరి. వారు 1959లో ప్రకటించిన గ్రంథమునకు అద్వైత వేదాంతములో శ్రుతికిని యుక్తికిని గల సంబంధమే విషయము. శ్రుతి చెప్పినదని ఊరకుండక, యుక్తి చెప్పినదని శ్రుతిని త్రోయక, ఏది ఎంతవఱకు పోవునో విచారించుట తత్త్వజ్ఞుని పని. అట్టివారి పేర్లను నోరు మూయించు సాధనములుగా వాడుట వారికి గౌరవము కాదు.

అట్లయిన విద్వాంసుల లెక్కవలన మనము నేర్చుకొనదగినది ఏమియు లేదా? ఉన్నది. దానిని కాదనుట అహంకారము.

మొదటిది: ఈశ్వరుని ఉనికి, రెండును రెండును నాలుగన్నట్లు నిరూపింపబడిన విషయము కాదు. గణితమునందు అట్టి నిరూపణమున్నచో గణితజ్ఞులు నూటికి నూఱుగురును ఒప్పుకొందురు. వాదములను పరీక్షించుటయే వృత్తిగా గలవారిలో అధికులు ఈ వాదములచేత ఒప్పింపబడలేదు. కావున వేదికలెక్కి "యుక్తి గలవాడెవ్వడును దేవుని కాదనలేడు" అని గర్జించు ఉపన్యాసకులు ఆ మాటను మానుకొనవలెను. అది నిజము కాదు. అట్లే నిరీశ్వరవాదమును అట్టి నిరూపణము పొందలేదు. పొందియున్నచో నూటికి పందొమ్మిదిమంది పండితులు ఈశ్వరపక్షమున నిలిచియుండరు. కావున "చదివినవాడెవ్వడును నమ్మడు" అను మాటయు నిజము కాదు.

రెండవది: నమ్మనివాడు దుష్టుడనియు, నమ్మువాడు మూఢుడనియు పలుకుట యిక చెల్లదు. ఒకే శాస్త్రము చదివి, ఒకే గ్రంథాలయమున గూర్చుండి, ఒకే వాదమును ముందిడుకొని, ఇరువురు నిజాయితీపరులు ఎదురెదురు నిర్ణయములకు వచ్చుచున్నారు. దీనికి దుర్బుద్ధియే కారణమనువాడు ఆ యిరువురిలో ఎవ్వరినిగాని యెఱుగనివాడు.

మూడవది మిక్కిలి బరువైనది. పండితులలో పెక్కుమందిని ఈశ్వరునినుండి దూరము చేసిన ప్రశ్నలలో ముఖ్యమైనది దుఃఖమును గుఱించినది. సర్వజ్ఞుడును, సర్వశక్తుడును, దయామయుడును అగు ప్రభువుండగా నిరపరాధులకు ఈ బాధ యేల? ఇది పుస్తకములలో పుట్టిన ప్రశ్న కాదు. రేగొండ ప్రాంతము వరంగల్లు జిల్లాలో నుండిన దినములలో, 1997-98 సంవత్సరములందు, పత్తి పైరు పురుగుపాలై, అప్పులు తీర్చు దారి కానక, ఆ జిల్లా రైతులు ఎందఱో పురుగుమందు త్రాగి ప్రాణములు విడిచిరి. నాడు ఏ యింట దీపమారెనో ఆ యింటి యిల్లాలు ఆకాశమువైపు చూచి అడిగిన ప్రశ్నకును, ఆక్స్‌ఫర్డులోని పండితుడు గ్రంథమున వ్రాసిన ప్రశ్నకును భేదమేమి? భాష వేఱు, ప్రశ్న యొక్కటియే. ఆ ప్రశ్నకు పూర్వకర్మయని యొక్క మాట చెప్పి లేచిపోవు పురాణికుడు, ఆ యిల్లాలికిని ఆ పండితునకును సమానముగనే అన్యాయము చేయుచున్నాడు. నిరీశ్వరవాది గర్వముచేత ప్రశ్నించుచున్నాడని మనమనుకొనుచుందుము. పలుమాఱులు ఆతడు జాలిచేత ప్రశ్నించుచున్నాడు. ఈశ్వరుని నమ్ము మనము ఆ ప్రశ్నను ఆతనికంటె తక్కువ బాధతో అడుగుచున్నచో, సిగ్గుపడవలసినవారము మనమే.

ఇచ్చటికి వచ్చునప్పటికి విచారము లెక్కను విడిచి నడవడిలో బడినది. పడవలసినదియు అచ్చటనే. సత్యమును నమ్మిన యిరువురు, ఈశ్వరుని విషయమున ఏకీభవింపక, ఎట్లు కలిసి నడచిరో మన చరిత్రమే చెప్పుచున్నది. గోరాగారు 1944లో గాంధీ మహాత్ముని దర్శించి తమ నాస్తికత్వమును దాపక చెప్పిరి. అప్పటికే ఈశ్వరుడే సత్యమను మాటను విడిచి సత్యమే ఈశ్వరుడను మాటకు వచ్చియుండిన మహాత్ముడు ఆయనను త్రోసివేయలేదు, ఒప్పుకొననూ లేదు. ఇరువురును అస్పృశ్యతా నివారణమునందు సంగాతులైరి. గోరాగారి కుమార్తెను, సంఘము అస్పృశ్యమని త్రోసిన కులములో జన్మించిన యువకునకిచ్చి సేవాగ్రామమున వివాహము చేయుటకును, ఆ సంస్కారమున ఈశ్వరుని పేరునకు మాఱుగా సత్యమును చెప్పుటకును మహాత్ముడు సమ్మతించెను. 1948 జనవరిలో ఆయన హతుడయ్యెను. ఆ వివాహము ఆ యేటి మార్చి నెలలో సేవాగ్రామముననే జరిగెను. నమ్మిన వృద్ధుడు నమ్మనివాని యింటి పెండ్లికి తన ప్రార్థనలోని ప్రియతమమైన పదమును విడుచుట కొప్పుకొనెను. నమ్మనివాడు నమ్మినవాని యాశ్రమమే తన బిడ్డ పెండ్లికి తగిన చోటనుకొనెను. పండితులలో అధికసంఖ్య ఎవ్వరిదో ఆ యిరువురిలో నొక్కడును అడుగలేదు.

కావున యువకులారా! మీరు విద్వాంసుల లెక్కను ఇంటికి తెచ్చునప్పుడు వారి హేతువులను గూడ తెండు. ఎందఱు కాదనిరో చెప్పి యూరకొనవలదు. ఏల కాదనిరో, ఔనన్నవారు దానికేమి యుత్తరమిచ్చిరో చెప్పుడు. ఉదయనుని జదువుడు, కుమారిలుని జదువుడు, కాంటును జదువుడు, రాధాకృష్ణను జదువుడు, గోరాను జదువుడు. అటుపిమ్మట మీ బుద్ధికి ఏది నిజమని తోచునో దానిని నిర్భయముగా బట్టుకొనుడు. సంఖ్యను జూచి నమ్మిక విడిచినవాడు, సంఖ్యను జూచి జాతరకు బోయినవానికంటె స్వతంత్రుడు కాడు. మేడారమున లక్షోపలక్షల జనులు చేరుట వనదేవతల శక్తికి నిరూపణము కానట్లే, విశ్వవిద్యాలయములలో వందలకొలది పండితులు చేతులెత్తుట దేవుడు లేడనుటకు నిరూపణము కాదు. ఎరవు తెచ్చిన నమ్మికయు ఎరవే. ఎరవు తెచ్చిన అవిశ్వాసమును ఎరవే. రెండింటికిని కష్టదినమున వడ్డీ కట్టవలసివచ్చును.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ప్రశ్న అడిగినచో ఇల్లు కూలినదని యేడ్వవలదు. అడుగనివానికంటె అడిగినవాడు సత్యమునకు దగ్గఱగా నున్నాడు. ఆతని ప్రశ్నకు మీకు ఉత్తరము తెలియకపోయినచో "తెలియదు, నీవు చదివి మాకు చెప్పుము" అనుడు. అది పరాజయము కాదు. మీరు ఏల నమ్ముచున్నారో, ఏ కష్టమున ఆ నమ్మిక మీ చేయి పట్టుకొనెనో ఆతనికి జెప్పుడు. పండితుని పేరుకంటె ఆ మాట ఆతనికి దగ్గఱది. ఆతడు మీతో గుడికి రాకపోయినను, పొరుగువాని పొలము ఎండినప్పుడు నీరు పెట్టునా, దాహమని వచ్చినవాని కులమడుగక నీరిచ్చునా, అబద్ధమాడుటకు జంకునా యని చూచుకొనుడు. ఇవి యున్నచో ఆతనినిగూర్చి భయపడవలసినది లేదు. ఇవి లేనిచో ఆతడు దినమునకు మూడు మాఱులు మ్రొక్కినను భయపడవలసినదే.

నిర్ణయమున భేదింపవచ్చును; సత్యము నడుగుటలో భేదింపరాదు. ఉన్నాడనువారు తమ యునికిచేత ఆ మాటను నిలుపుదురు గాక! లేడనువారు తమ జాలిచేత తమ ప్రశ్నను పవిత్రము చేయుదురు గాక! ఏ సత్యము మనలను ఈ విచారమునకు పిలిచెనో, ఆ సత్యమునకు మన మనస్సులు వెఱవక తెఱచియుండుగాక!